యూనస్ గౌరవసభలో మాట్లాడాలంటే 856 టాకాల దగ్గరే ఆగిపోకండి

ప్రశ్న: బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంక్ ద్వారా పేదలకు చిన్న అప్పులు ఇచ్చే బాట వేసిన మహమ్మద్ యూనస్ గౌరవార్థం మా సంఘం సభ పెడుతోంది. నేను పది నిమిషాలు మాట్లాడాలి. ఏం చెప్పాలి? ఏ తప్పులు దొర్లకుండా చూసుకోవాలి?

జవాబు: జోబ్రా కథకు రెండు నిమిషాలకు మించి ఇవ్వకండి. మీకంటే ముందు మాట్లాడేవాళ్లు ఎలాగూ అదే చెబుతారు. 1974 కరువు తర్వాత, చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెబుతున్న యూనస్ పక్కనే ఉన్న జోబ్రా ఊళ్లోకి వెళ్లారు. వెదురు పీటలు అల్లే ఒకామె 5 టాకాల వెదురు కోసం వ్యాపారి దగ్గర అప్పు చేసి, పీటలు మళ్లీ అతనికే అమ్మి, రోజంతా కష్టపడితే 50 పైసలు మిగుల్చుకునేది. ఊళ్లో అలాంటి 42 మందికీ కలిపి కావలసింది 856 టాకాలు, అంటే 27 డాలర్లు. 1976లో ఆయన ఆ డబ్బు సొంతంగా ఇచ్చారు. ఇంతే కథ. జేబులోంచి తీసి ఇచ్చిన దాతలు లోకంలో బోలెడుమంది. ఆ తర్వాత ఆయన ప్రభుత్వ బ్యాంకైన జనతా బ్యాంకును అప్పులకు ఒప్పించి, హామీ సంతకం తానే పెట్టి, తనఖా లేని అప్పు వసూలయ్యే పద్ధతి ఒకటి కట్టుకుంటూ వచ్చారు. మీ ప్రసంగానికి సరుకు అక్కడుంది.

మొదట్లో నియమాలు ఇవి. అర ఎకరం లోపు సాగుభూమి ఉన్నవాళ్లకే అప్పు. ఐదుగురు తమంతట తాము జట్టు కట్టాలి. దగ్గరి చుట్టాలు ఒకే జట్టులో ఉండకూడదు. కనీసం ఏడు రోజులు నియమాలు నేర్చుకుని, బ్యాంకు వాళ్లు అడిగితే నోటితో చెప్పగలగాలి. అయినా ఐదుగురికీ ఒకేసారి డబ్బు రాదు. ముందు ఇద్దరికి. వాళ్లు కొన్ని వారాలు సక్రమంగా కడితే మరో ఇద్దరికి. జట్టు పెద్దకు ఆఖరున. కిటుకంతా ఈ వరసలోనే ఉంది: తన వంతు కోసం కాచుకుని ఉన్నంతకాలం ముందువాళ్ల కిస్తీ ఆగకుండా చూడటం మిగతా ప్రతి సభ్యురాలికీ అవసరమే. ఆరు నుంచి ఎనిమిది జట్లు కలిస్తే ఒక కేంద్రం. వారానికోసారి బ్యాంకు ఉద్యోగి ఊళ్లోకే వస్తాడు, లావాదేవీ అందరి ముందే జరుగుతుంది. దాంతో అప్పు తీసుకున్నామెకు దారిఖర్చు, పోయే కూలి మిగులుతాయి. చాటుగా చెయ్యి చాచే వీలు అతనికి తగ్గుతుంది.

కిస్తీ లెక్క బోర్డు మీద రాసి చూపండి. అప్పు 1,000 టాకాలు, గడువు 50 వారాలు. వారానికి అసలు 20, వడ్డీ 2, మొత్తం 22. చివరికి కట్టింది 1,100. సభలో ఎవరో ఒకరు "పది శాతమే కదా" అంటారు. కాదు. మొదటి వారం నుంచే అసలు తరుగుతోంది కాబట్టి, ఏడాది పొడుగునా సగటున ఆమె దగ్గరున్నది సగం డబ్బే. ఆ సగానికి 100 వడ్డీ అంటే ఏడాదికి సుమారు 20 శాతం. నూటికి నెలకు ఒకటిన్నర దాటింది. పాత పద్ధతిలో ఇంకో మెలిక ఉండేది. అప్పు ఇచ్చేటప్పుడే 5 శాతం జట్టు నిధికి పట్టుకునేవారు. పద్దులో 1,000, చేతికి 950.

జోబ్రాలో మొదట రోజువారీ వసూలు కూడా చేసి చూశారు. లెక్కలు చిక్కుపడి వారానికి మార్చారు. వారం కిస్తీలో సుగుణం, కట్టలేని మనిషి ఏడో రోజునే బయటపడటం. బకాయి కొండంత అయ్యాక తెలియడం ఉండదు. లోపం కూడా అక్కడే ఉంది. పాడి, చిన్న అంగడి, వడ్లు దంచి అమ్మడం లాంటి వారం వారం డబ్బు తెచ్చే పనికే ఇది నప్పుతుంది. నాట్లకు తెచ్చిన అప్పు కోతలకు ముందే ఎలా తీరుతుంది? మరోచోట అప్పు చేసి.

ఇది ఊహ కాదు, పద్ధతి నిజంగానే బెడిసింది. 1995లో చాలామంది సమావేశాలకు రావడం, కిస్తీలు కట్టడం మానేశారు. బ్యాంకు వదిలి వెళ్లేటప్పుడు జట్టు నిధికి పట్టుకున్న సొమ్ము వెనక్కి ఇవ్వాలన్నది గొడవ. నా ఉద్దేశంలో ఆ కోరిక న్యాయమే. 1998 వరదల్లో దేశంలో సగం పది వారాలు నీళ్లలో ఉంది. బ్యాంకు కొత్త అప్పులు, ఇళ్ల మరమ్మతుకు అప్పులు ఇచ్చింది. పాతదాని మీద కొత్తది చేరి, వారం కిస్తీ మోయలేనంత అయింది. అప్పుడు నియమాలనే తిరగరాశారు. 2000లో మొదలై 2002లో పూర్తయిన ఆ మార్పును గ్రామీణ్ 2 అంటారు. ఉమ్మడి జట్టు నిధి పోయి ఎవరి పొదుపు వాళ్లదైంది. కట్టలేకపోయినవాళ్లను ఎగవేతదారులుగా చూడకుండా, కిస్తీ తగ్గించి గడువు పెంచే పక్కదారి పెట్టారు. అందులోకి దిగితే తర్వాత దొరికే అప్పు పరిమితి మాత్రం పడిపోతుంది. చేసిన పొరపాటును నియమాల్లోనే దిద్దుకున్న ఈ ఘట్టాన్ని ప్రసంగాల్లో ఎవరూ ముట్టుకోరు. మీరు ముట్టుకోండి.

ఇక తప్పుల సంగతి. 2006లో వచ్చింది నోబెల్ శాంతి బహుమతి, అర్థశాస్త్రానిది కాదు. అందులో సగం ఆయనకు, సగం గ్రామీణ్ బ్యాంక్‌కు. అది ఆయన సొంత బ్యాంకు కూడా కాదు: అప్పు తీసుకునేవాళ్లు 100 టాకాల వాటా కొని యజమానులవుతారు, బోర్డులో 9 మందిని వాళ్లే ఎన్నుకుంటారు. జోబ్రా తర్వాత 1979లో టాంగాయిల్ జిల్లాకు విస్తరించిన ఈ పని, చట్టం ప్రకారం బ్యాంకయింది 1983 అక్టోబరు 2న. "మొట్టమొదట చిన్న అప్పులు ఇచ్చింది ఆయనే" అనకండి. 19వ శతాబ్దంలోనే జర్మనీలో రైఫైజెన్ అనే ఆయన పరపతి సంఘాలు నడిపాడు, ఇప్పటి బంగ్లాదేశ్ నేల మీదే యూనస్‌కు ముందు అఖ్తర్ హమీద్ ఖాన్ కొమిల్లాలో సహకార సంఘాలు పెట్టారు. ఒకరు ఎగ్గొడితే మిగతా నలుగురూ కట్టాలన్న నియమమూ లేదు. తోటివాళ్ల ఒత్తిడి మాత్రం ఉండేది, దాన్ని దాచకండి. అప్పు తీసుకున్నవాళ్లలో సుమారు 97 శాతం స్త్రీలు అని చెప్పేటప్పుడు, అప్పు ఆమె పేరున, వాడకం భర్తది అయిన ఇళ్లూ ఉన్నాయని ఒక వాక్యం కలపండి. 2011లో వయసు నిబంధన చూపి ఆయన్ను బ్యాంకు పదవి నుంచి తప్పించడం, 2024 ఆగస్టు 8న బంగ్లాదేశ్ మధ్యంతర ప్రభుత్వాన్ని నడిపే ముఖ్య సలహాదారు కావడం వేరే సభకు సరిపడా విషయాలు.

చివర్లో "మరి పేదరికం పోయిందా?" అని ఎవరైనా తప్పకుండా అడుగుతారు. ఆరు దేశాల్లో జరిగిన ప్రయోగాల ఫలితాలు 2015లో కలిపి వచ్చాయి. బంగ్లాదేశ్ వాటిలో లేదు. చిన్న అప్పుతో కొందరి వ్యాపారం పెరిగింది, ఖర్చును సర్దుకునే వెసులుబాటు దొరికింది. సగటు ఆదాయం మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. అడిగినవాళ్లకు అదే చెప్పండి.