ఎమ్యులేటర్‌లో నడిచే యాప్ ఫోన్‌లో ‘లైబ్రరీ నాట్ ఫౌండ్’ అని క్రాష్ అవుతుంటే

మీరు అడిగింది ఇదీ: జెఎన్ఐలిబ్స్ ఫోల్డర్‌లో (సి, సి++లో రాసిన లైబ్రరీలు పెట్టే చోటు) లిబ్‌ఫిల్టర్.ఎస్‌ఓ అనే లైబ్రరీ ఫైల్ ఉంది, బిల్డ్‌లో ఏ ఎర్రరూ లేదు, ఎమ్యులేటర్‌లో యాప్ బాగానే నడుస్తోంది. ఫోన్‌లో మాత్రం తెరవగానే ‘లైబ్రరీ నాట్ ఫౌండ్’ అంటూ అన్‌శాటిస్‌ఫైడ్‌లింక్‌ఎర్రర్. క్లీన్, రీబిల్డ్ ఎన్నిసార్లు చేసినా అదే. ఐఫోన్ వెర్షన్‌లో అదే లైబ్రరీకి అన్‌డిఫైన్డ్ సింబల్స్ (ఫంక్షన్ పేర్లు దొరకలేదు) అంటోంది.

ముందు ఆ క్లీన్-రీబిల్డ్ ఆపేయండి. బిల్డ్ పూర్తయిందంటే మీ కంప్యూటర్‌లోని లింకర్ (కోడ్‌నీ లైబ్రరీలనీ కలిపే ప్రోగ్రామ్) పని అయిపోయినట్టే. ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నది ఫోన్‌లో ఉన్న లింకర్. దానికి మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌తో సంబంధం లేదు, ఏపీకేలో (ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే ప్యాకేజ్ ఫైల్) ఏముందో అదే దాని లోకం. కాబట్టి ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ మెనూలోని ‘అనలైజ్ ఏపీకే’తో ఏపీకేని తెరిచి, లిబ్ ఫోల్డర్ విప్పి చూడండి.

చాలావరకు కనిపించేది ఇలా ఉంటుంది: ఆర్మ్‌ఈఏబీఐ-వి7ఎ (32 బిట్ ఆర్మ్ చిప్‌లకి), ఎక్స్86_64 (ఇంటెల్ తరహా 64 బిట్ చిప్‌లకి) ఫోల్డర్లలో మీ లిబ్‌ఫిల్టర్ ఉంటుంది. ఆర్మ్64-వి8ఎ (64 బిట్ ఆర్మ్ చిప్‌లకి) ఫోల్డర్ కూడా ఉంటుంది గానీ అందులో వేరే లైబ్రరీలే ఉంటాయి, మీది ఉండదు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఫోన్ మొత్తం యాప్‌కి ఒకే ఏబీఐని (చిప్ రకాన్ని, అంటే ఈ ఫోల్డర్లలో ఒకదాన్ని) ఎంచుకుంటుంది. 64 బిట్ ఫోల్డర్‌లో ఒక్క ఎస్‌ఓ ఫైల్ కనిపించినా చాలు, దాన్నే ఖాయం చేసుకుని 32 బిట్ ఫోల్డర్ వైపు తిరిగి చూడదు. ఒక్కో ఫైల్‌కీ విడివిడిగా వెతకడం అనేది లేదు. 64 బిట్ ప్రాసెస్ 32 బిట్ లైబ్రరీని లోడ్ చేయలేదు కూడా. ఎమ్యులేటర్ ఎక్స్86_64 కాబట్టి అక్కడ ఫైల్ దొరికింది, నడిచింది.

‘నిన్నటిదాకా ఫోన్‌లో కూడా పనిచేసింది’ అనే ఫిర్యాదుకీ మూలం తరచూ ఇక్కడే. ఆర్మ్64 ఫోల్డర్ అసలు లేనప్పుడు యాప్ 32 బిట్‌లో నడిచింది. ఈలోగా ఇమేజ్‌ల కోసమో డేటాబేస్ కోసమో ఏదో ఏఏఆర్ డిపెండెన్సీ (రెడీమేడ్ ఆండ్రాయిడ్ లైబ్రరీ ప్యాకేజ్) చేర్చారు, అది తనతో ఆర్మ్64 ఫోల్డర్‌ని పట్టుకొచ్చింది. కొత్త లైబ్రరీలో తప్పేమీ లేదు, పాతదానికి 64 బిట్ బిల్డ్ లేకపోవడమే లోపం.

దీనికి అసలు మందు లిబ్‌ఫిల్టర్‌కి ఆర్మ్64 బిల్డ్ సంపాదించడమే. సోర్స్ ఉంటే మీరే బిల్డ్ చేసుకోండి, లేకపోతే ఇచ్చినవాళ్లని అడగండి. గ్రేడిల్ బిల్డ్ ఫైల్‌లోని ఏబీఐఫిల్టర్స్‌లో ఆర్మ్‌ఈఏబీఐ-వి7ఎ ఒక్కటే పెడితే క్రాష్ ఆగుతుంది, కానీ అది నిర్ధారణ చేసుకోవడానికే పనికొస్తుంది. నేటివ్ కోడ్ ఉన్న యాప్‌లకి 64 బిట్ వెర్షన్ ఉండాలని ప్లే స్టోర్ 2019 ఆగస్టు నుంచి అడుగుతోంది. పిక్సెల్ 7 లాంటి ఫోన్లు 32 బిట్ యాప్‌లని అసలు నడపవు.

ఏపీకేలో ఆర్మ్64 ఫైల్ ఉండి కూడా ఎర్రర్ వస్తుంటే, మెసేజ్‌లో కోట్స్ మధ్య ఉన్న పేరు అక్షరం అక్షరం చదవండి. ‘లిబ్‌లిబ్‌ఫిల్టర్.ఎస్‌ఓ’ అని ఉంటే కోడ్‌లో లోడ్‌లైబ్రరీకి (ముందు ‘లిబ్’ అదే చేరుస్తుంది) ‘ఫిల్టర్’ అని కాక ‘లిబ్‌ఫిల్టర్’ అని ఇచ్చారు. ‘లిబ్‌సి++_షేర్డ్.ఎస్‌ఓ నాట్ ఫౌండ్, నీడెడ్ బై లిబ్‌ఫిల్టర్’ అని ఉంటే మీ ఫైల్ దొరికింది, దానికి కావలసిన సి++ లైబ్రరీ దొరకలేదు. ఎన్‌డీకేలో (ఆండ్రాయిడ్‌కి సి, సి++ కోడ్ బిల్డ్ చేసే కిట్) వచ్చే ఎల్‌ఎల్‌వీఎం-రీడ్‌ఎల్ఫ్‌ని డైనమిక్ సెక్షన్ చూపించే ఆప్షన్‌తో నడిపితే నీడెడ్ వరుసలు (మీ లైబ్రరీకి కావలసిన వేరే లైబ్రరీల పేర్లు) కనిపిస్తాయి. అక్కడున్న ప్రతి పేరూ సిస్టమ్ లైబ్రరీ అయినా కావాలి, మీ ఏపీకేలో అయినా ఉండాలి. పేరుకి బదులు బిల్డ్ చేసినవాళ్ల కంప్యూటర్‌లోని పూర్తి పాత్ కనిపిస్తే, లింక్ అయిన ఆ రెండో లైబ్రరీకి ఎస్‌ఓనేమ్ (ఫైల్ లోపల రాసే దాని సొంత పేరు) పెట్టలేదన్నమాట. దాన్ని ఎస్‌ఓనేమ్‌తో మళ్లీ బిల్డ్ చేయాలి. కుదరకపోతే సీమేక్ అనే బిల్డ్ టూల్‌లో ఇంపోర్టెడ్_నో_ఎస్‌ఓనేమ్ ట్రూ అని పెట్టి మీ వైపు మళ్లీ లింక్ చేయండి.

ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయిన చోట లిబ్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే కంగారుపడకండి. మిన్‌ఎస్‌డీకే (యాప్ నడిచే కనీస ఆండ్రాయిడ్ స్థాయి) 23, ఆపైన ఉన్న యాప్‌లలో మామూలుగా ఎస్‌ఓ ఫైళ్లని బయటికి తీయకుండా ఏపీకే నుంచే నేరుగా లోడ్ చేస్తారు. యాప్ బండిల్ (ప్లే స్టోర్ ముక్కలుగా చేసి ఫోన్‌కి పంపే ప్యాకేజ్) నుంచి వచ్చిన బేస్ ఏపీకే ఒక్కటే ఎవరైనా కాపీ చేసి పంపితే మాత్రం ఇదే ఎర్రర్ నిజంగానే వస్తుంది. ఎస్‌ఓలు వేరే స్ప్లిట్ (ముక్క) ఏపీకేలో ఉండిపోతాయి.

‘నో ఇంప్లిమెంటేషన్ ఫౌండ్’ వేరే జబ్బు. సాధారణంగా అక్కడ లైబ్రరీ లోడ్ అయి ఉంటుంది, ఫంక్షన్ పేరే కలవదు. ఫంక్షన్ ముందు ఎక్స్‌టర్న్ సి (సి++ పేరు మార్చకుండా ఆపేది), జెఎన్ఐఎక్స్‌పోర్ట్ (పేరు బయటికి కనిపించేలా చేసేది) ఉన్నాయా చూడండి. ప్యాకేజ్ పేరులో గానీ మెథడ్ పేరులో గానీ అండర్‌స్కోర్ ఉంటే సి వైపు అది ‘_1’ అవుతుంది, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ఇక ఐఫోన్. అన్‌డిఫైన్డ్ సింబల్స్ అనేది బిల్డ్ సమయపు ఎర్రర్, దాని పైనున్న పసుపు వార్నింగ్‌లో చాలాసార్లు జవాబు ఉంటుంది. ‘ఇగ్నోరింగ్ ఫైల్’ అని, సిమ్యులేటర్ కోసం బిల్డ్ చేస్తుంటే ఇది ఐఓఎస్ కోసం చేసిన ఫైల్ అని చెబుతుంటే, లింకర్ మీ లైబ్రరీని పక్కన పెట్టేసింది. యాపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లో సిమ్యులేటర్ కూడా ఆర్మ్64నే, కానీ ప్లాట్‌ఫామ్ వేరు. ఒకే ఫ్యాట్ ఫైల్‌లో (వేర్వేరు చిప్‌ల బిల్డ్‌లు కలిపిన ఫైల్) రెండు ఆర్మ్64 ముక్కలు పట్టవు. అందుకే రెండింటికీ విడిగా బిల్డ్ చేసి ఎక్స్‌సీఫ్రేమ్‌వర్క్‌గా (వేర్వేరు ప్లాట్‌ఫామ్‌ల బిల్డ్‌లు కలిపి పెట్టే ప్యాకేజ్) కట్టాలి. ఎక్స్‌కోడ్‌లోని ఎక్స్‌క్లూడెడ్ ఆర్కిటెక్చర్స్‌లో ఆర్మ్64 పెట్టమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. అది పూట గడపడానికే.

వార్నింగ్ లేకపోతే సింబల్ పేరు ఎలా ఉందో చూడండి. ‘_ఫిల్టర్_ఇనిట్’ అని ఉంటే లింకర్ సి ఫంక్షన్ కోసం వెతుకుతోంది. ‘ఫిల్టర్_ఇనిట్(ఇంట్)’ అని బ్రాకెట్లతో ఉంటే సి++ ఫంక్షన్ కోసం వెతుకుతోంది. లైబ్రరీ సిలో రాసిందైతే, డాట్ ఎంఎం ఫైల్‌లో (ఆబ్జెక్టివ్-సి, సి++ కలిసిన ఫైల్) దాని హెడర్‌ని ఎక్స్‌టర్న్ సి లేకుండా చేర్చారన్నమాట. హెడర్ చుట్టూ అది పెడితే సరిపోతుంది. ప్రాజెక్ట్‌లో సి++ ఫైల్ ఒక్కటీ లేకుండా సి++ స్టాటిక్ లైబ్రరీ (బిల్డ్‌లోనే యాప్‌లో కలిసిపోయేది) కలిపితే సి++ సొంత లైబ్రరీకి చెందిన ఎస్‌టీడీ పేర్లన్నీ వరుసగా అన్‌డిఫైన్డ్ అవుతాయి. అప్పుడు లింక్ చేసే లైబ్రరీల్లో లిబ్‌సి++.టీబీడీ చేర్చండి.

లింక్ అయ్యాక, నడిచేటప్పుడు ‘అన్‌రికగ్నైజ్డ్ సెలెక్టర్’ అంటే స్టాటిక్ లైబ్రరీలోని క్యాటగరీలు (క్లాస్‌కి విడిగా చేర్చిన మెథడ్స్) రాలేదు, అదర్ లింకర్ ఫ్లాగ్స్‌లో -ఆబ్జ్‌సి పెట్టండి. ‘లైబ్రరీ నాట్ లోడెడ్, @ఆర్‌పాత్’ అంటే డైనమిక్ ఫ్రేమ్‌వర్క్‌ని లింక్ చేశారు గానీ యాప్‌లో పెట్టలేదు. టార్గెట్ జనరల్ ట్యాబ్‌లో దాన్ని ‘ఎంబెడ్ అండ్ సైన్’కి మార్చండి.