ఉంగరమా, పట్టీనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలలో రెండు వారాలు నైట్ షిఫ్ట్. వారానికి మూడు రోజులు జిమ్‌లో బరువులు ఎత్తుతాను. స్మార్ట్ వాచ్ వాడి విసిగిపోయాను, ఊరికే మెసేజ్‌లు చూపిస్తూ చేతి మీద వణుకుతూనే ఉంటుంది. నిద్ర సంగతి తెలుసుకోవాలంటే స్మార్ట్ రింగ్ కొనాలా, తెర లేని బ్యాండ్ కొనాలా? ఇంకోటి, మా అమ్మకి షుగర్. రింగ్ షుగర్ కూడా చూపిస్తుందని వీడియోలో చూశాను, నిజమేనా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీకు బ్యాండే. వారానికి మూడు రోజులు ఇనుప రాడ్డు పట్టుకునే వేలికి రింగ్ పెడితే ముందు గీతలు పడతాయి, తర్వాత వేలు నలుగుతుంది, ఆ బాధ పడలేక తీసి లాకర్లో పెడతారు, ఇంటికొచ్చాక గుర్తొస్తుంది. తీసి పెట్టిన వస్తువు ఏం కొలుస్తుంది? బ్యాండ్‌తో ఆ గొడవ లేదు. పైగా గట్టిగా పిడికిలి బిగించినప్పుడు మణికట్టు దగ్గర గుండె లెక్క తప్పుతుంటుంది కాబట్టి వూప్ లాంటి తెర లేని బ్యాండ్లని దండచేతికి కూడా కట్టుకోవచ్చు.

అలాగని రింగ్‌ని తీసిపారేయను. ఐదారు గ్రాములకు మించని బరువు, వేలి దగ్గర నాడి బాగా అందుతుంది, రాత్రి నిద్రలో పెట్టుకున్న సంగతే తెలియదు. జిమ్ లేని మనిషైతే రింగే కొనమనేదాన్ని. అప్పుడూ ఎడమచేతికే, కుడిచేత్తో ఆవకాయన్నం కలుపుతాం కదా. పక్క వేలికి పుష్యరాగం ఉంగరం ఉంటే రెండూ రాసుకుంటాయి, అది వేరే తలనొప్పి. సైజు చూడటానికిచ్చే నమూనా రింగ్‌ని ఒక పగలూ ఒక రాత్రీ పెట్టుకుని చూడాలి, మన మే నెల ఎండలకి వేళ్లు ఉబ్బుతాయి. బ్యాటరీ మార్చడానికి ఉండదు, అది పోతే రింగ్ మొత్తం పోయినట్టే.

డబ్బు సంగతి కొనేముందే చూసుకోండి. ఊరా రింగ్‌కి నెలకి 5.99 డాలర్ల చందా, వూప్‌కి ఏటా చందా, అది ఆపేస్తే చేతికి ఉత్త గుడ్డపట్టీ మిగులుతుంది. శాంసంగ్ గెలాక్సీ రింగ్, బెంగళూరు కంపెనీ అల్ట్రాహ్యూమన్ రింగ్, బ్యాండ్లలో అమేజ్‌ఫిట్ హీలియో, పోలార్ లూప్ – వీటికి నెలనెలా కట్టేది లేదు. ఇప్పటికే ఈఎంఐలు ఉన్నవాళ్లకి నేనైతే చందా ఉన్నది చెప్పను.

నిద్ర గురించి ఒక మాట. ఏది కొన్నా కదలికనీ గుండె వేగాన్నీ చూసి అంచనా వేస్తుందంతే, కదలకుండా పడుకుని ఫోన్ చూస్తున్నా ఒక్కోసారి నిద్రే అనుకుంటుంది. గాఢనిద్ర ఇన్ని నిమిషాలు అని చూపించే లెక్కకి టెన్షన్ పడకండి. షిఫ్ట్ వారాల్లో ఎన్ని గంటలు పడుకున్నారు, నిద్రలో గుండె వేగం మామూలు వారాల కంటే పెరిగిందా, ఈ రెండూ చూడండి చాలు.

ఇక అమ్మగారి షుగర్. చూపించదు. సూది గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలనీ రింగులనీ నమ్మొద్దని, అలాంటి దేనికీ తాము అనుమతివ్వలేదని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మీరు చూసిన వీడియోలో బహుశా చేతికి అతికించుకుంటే రోజంతా షుగర్ కొలిచే సీజీఎం ప్యాచ్ అంకెలు, రింగ్ అంకెలు ఒకే యాప్‌లో కనిపించి ఉంటాయి. ఆ ప్యాచ్‌కి చర్మంలోకి దిగే సన్నటి తీగ ఉంటుంది, రింగ్‌కి లేదు. ఆవిడకి గ్లూకోమీటరు కొనివ్వండి, స్ట్రిప్పుల డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ చూసి మరీ.