గన్ కంటే ముందు గాలి లెక్క

ప్రశ్న: పాత కారుకు ఇంటి షెడ్డులోనే రంగు వేసుకోవాలనుకుంటున్నాను. 24 లీటర్ల ట్యాంకు ఉన్న కంప్రెసర్ ఉంది. హెచ్‌వీఎల్‌పీ గన్ కొనాలా, కరెంటుతో నడిచే గన్ సరిపోతుందా? నాజిల్ ఎంత ఉండాలి?

మాటలు మారుతాయి గానీ ఈ ప్రశ్న వస్తూనే ఉంది. అందరూ అడిగేది గన్ గురించే. ఎవరూ రాయని సంగతులు రెండు: ఆ కంప్రెసర్ నిమిషానికి ఎంత గాలి ఇస్తుంది, రంగు వేస్తున్నంతసేపూ మీరు పీల్చేది ఏ గాలి. ఈ రెండూ తేలకుండా ఏ గన్ పేరు చెప్పినా అది మీకు పనికొచ్చే సలహా కాదు.

ముందు కంప్రెసర్. ట్యాంకు పరిమాణం చెప్పేది నిల్వ ఎంత అన్నది మాత్రమే. గన్‌కు కావలసింది ప్రవాహం, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్న లెక్క. దాన్నే సీఎఫ్‌ఎం అంటారు. పూర్తి సైజు హెచ్‌వీఎల్‌పీ గన్ (ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో చల్లే రకం) సాధారణంగా 10 నుంచి 15 సీఎఫ్‌ఎం అడుగుతుంది. మీ దగ్గరున్నంత కంప్రెసర్లు నిలకడగా ఇవ్వగలిగేది చాలావరకు 5 లోపే. ఒకసారి లెక్క వేసి చూడండి. 24 లీటర్ల ట్యాంకులో ఒత్తిడి 115 పీఎస్‌ఐ నుంచి 40కి దిగేలోగా బయటికి వచ్చే గాలి సుమారు 4.3 ఘనపుటడుగులు. గన్ 12 లాగేస్తూ, కంప్రెసర్ 4 నింపుతూ ఉంటే ఆ నిల్వ దాదాపు అర నిమిషంలో అయిపోతుంది. బానెట్ మీద సగం పూత కూడా పూర్తి కాదు. ఆ తర్వాత ఒత్తిడి పడిపోయి తుంపర ముతకబారుతుంది, రంగు నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఆరుతుంది. మీరేమో గన్ మంచిది కాదని నాకు ఉత్తరం రాస్తారు.

ఈ లెక్క కొనేవారికి తెలియకపోవడానికి కారణం ఉంది. కంప్రెసర్ పెట్టె మీద లీటర్లు, హార్స్‌పవర్ అరచేయంత అక్షరాల్లో ఉంటాయి. సీఎఫ్‌ఎం ఎక్కడో మూలన ఉంటుంది. అది కూడా చాలాసార్లు పిస్టన్ కొలతలను బట్టి కాగితం మీద వేసిన అంకె. నిజంగా బయటికి అందే గాలి అంతకంటే బాగా తక్కువ. ఫలానా ఒత్తిడి దగ్గర ఇంత గాలి అందుతుందని స్పష్టంగా చెప్పని కంప్రెసర్‌ను కొనవద్దు. గన్‌ల విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. హెచ్‌వీఎల్‌పీ అంటే గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ అని. గన్ మూతి దగ్గరుండే ఎయిర్ క్యాప్‌లో ఒత్తిడి 10 పీఎస్‌ఐ దాటకూడదు, చల్లిన రంగులో కనీసం 65 శాతం కారుకు అంటాలి. ఆ పేరుకు ఉన్న అర్థం అదీ. పాత తరహా గన్‌లలో సగానికి పైగా రంగు గాలిపాలయ్యేది. ఇప్పుడు ఆ పేరును ప్రతి గన్ మీదా ముద్రిస్తున్నారు. ఎంత గాలి కావాలో, క్యాప్ దగ్గర ఒత్తిడి ఎంతో సూచనల కాగితంలో రాయలేదంటే ఆ ముద్రను నమ్మకండి.

మీకున్న కంప్రెసర్‌తోనే పని కావాలంటే ఎల్‌వీఎల్‌పీ రకం తీసుకోండి. ఇది ఒత్తిడితో పాటు గాలిని కూడా తక్కువగా వాడుతుంది. సుమారు 4 నుంచి 6 సీఎఫ్‌ఎంతో సర్దుకుంటుంది. కప్పు పైన ఉండే రకం, 1.3 మిల్లీమీటర్ల నాజిల్. ఒక్కసారిగా కారంతా కాకుండా ఒక్కో భాగం చేసుకుంటూ, మధ్యలో ట్యాంకు నిండేదాకా ఆగండి. ఇలా విడివిడిగా వేయాలంటే మెరుపు రేణువులున్న మెటాలిక్ రంగు జోలికి వెళ్లకండి. ఆ రేణువులు పరుచుకునే తీరు పూత పూతకూ మారుతుంది, పక్కపక్క తలుపులే వేరువేరు ఛాయల్లో కనిపిస్తాయి. తెలుపు, ఎరుపు లాంటి మామూలు రంగులైతే ఆ బాధ తక్కువ.

నాజిల్ విషయం పెద్ద రహస్యమేమీ కాదు. బేస్ కోట్‌కు (అసలు రంగు పూత) 1.2 లేదా 1.3, క్లియర్ కోట్‌కు (దానిపైన వేసే పారదర్శక పూత) 1.3 లేదా 1.4, చిక్కని ప్రైమర్‌కు (అన్నిటికంటే అడుగు పూత) 1.6 నుంచి 1.8. రంగు డబ్బా మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ప్రైమర్ చల్లిన గన్‌తో క్లియర్ కోట్ వేయకండి, ఎంత కడిగినా ఏదో ఒక నలుసు మిగులుతుంది. నీడిల్, నాజిల్, ఎయిర్ క్యాప్ ఒకదానికొకటి సరిపోయేలా చేసిన జత. మార్చాల్సి వస్తే మూడూ కలిపే మార్చాలి. కాబట్టి కొనేముందే విడిభాగాలు, సీళ్లు దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే ఆ గన్ ఒక కారుతో సరి.

ఇంకొకటి. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లున్న సన్న గొట్టం పెట్టి గాలి అందడం లేదంటారు. 10 మిల్లీమీటర్ల గొట్టం పెట్టండి. ఒత్తిడిని ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే చూడాలి. వదిలేసినప్పుడు గేజ్ చూపించే అంకెతో పని లేదు.

కరెంటు గన్‌ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మోటారు చేతిపిడిలోనే ఉండేవి, బ్యాటరీతో నడిచేవి గోడలకు, కంచెలకు చేసినవి. చిక్కని రంగును పెద్ద చుక్కలుగా చల్లడం వాటి పని. ప్రైమర్ వరకు ఎలాగోలా నడుస్తుందేమో గానీ అద్దంలాంటి క్లియర్ కోట్ రాదు. అంతకంటే ముఖ్యం, థిన్నర్ ఆవిరి మండుతుంది, బ్రష్‌లున్న మోటారు తిరిగేటప్పుడు నిప్పురవ్వలు వస్తాయి. ఆ రెండూ మీ చేతిలో ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఇలాంటి వాటి పెట్టె మీద మెరిసే కారు బొమ్మ వేసి అమ్మడం నాకు కోపం తెప్పిస్తుంది. నేల మీద పెట్టే పెద్ద టర్బైన్, దానికి లావుపాటి గొట్టంతో వేరే గన్ ఉండే రకం మాత్రం వేరు. దాని గాలి వెచ్చగా, పొడిగా ఉంటుంది, తేమ బాధ ఉండదు. చెయ్యి తిరిగితే కారుకూ బాగానే పనికొస్తుంది. ఆ వెచ్చదనానికి రంగు త్వరగా ఆరిపోతుంది కాబట్టి నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్ వాడాలి. టర్బైన్‌ను తుంపరకు వీలైనంత దూరంగా, తాజా గాలి ఉన్నచోట పెట్టండి.

ప్రశ్న: క్లియర్ కోట్ నిండా చేప కళ్లలాంటి గుంటలు పడ్డాయి. గన్ మార్చాలా?

అక్కర్లేదు. అది జిడ్డు. కంప్రెసర్ నుంచి వచ్చే నూనె కావచ్చు, కారు మీద మిగిలిపోయిన మైనం పాలిష్ కావచ్చు. డ్యాష్‌బోర్డుకు మెరుపు కోసం వాడే సిలికోన్ స్ప్రేను అదే షెడ్డులో కొట్టినా చాలు. రుద్దే ముందు ఒకసారి, రంగు వేసే ముందు మరోసారి జిడ్డు తీసే ద్రావకంతో తుడవండి, తడి ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తేయండి. నీటి ఫిల్టర్‌ను కంప్రెసర్‌కు ఆనించి బిగించడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి అందులోని నీరు ఆవిరిగానే ఫిల్టర్ దాటిపోయి, చల్లబడ్డాక గొట్టంలో చుక్కలవుతుంది. కొన్ని మీటర్ల గొట్టం తర్వాత పెట్టండి. ట్యాంకు అడుగున చేరిన నీటిని రోజూ వదలండి.

ప్రశ్న: పోయిన నెల రెండు తలుపులకు టూ-కే క్లియర్ కోట్ వేశాను. దుమ్ము మాస్కు పెట్టుకున్నాను. అప్పటి నుంచి రాత్రిళ్లు దగ్గు. మంచి మాస్కు కొని మిగతా రెండు తలుపులు పూర్తి చేయవచ్చా?

వద్దు. గన్‌ల గురించి వచ్చిన ఉత్తరాలన్నీ పక్కన పెట్టి ముందు మీ ఉత్తరానికే జవాబు రాయాలని కూర్చున్నాను.

టూ-కే అంటే రెండు భాగాల రంగు, హార్డెనర్ కలిపితేనే గట్టిపడేది. ఆ హార్డెనర్‌లో ఉండేవి ఐసోసయనేట్లు. క్లియర్ కోట్‌కు ఆ గట్టిదనం, ఆ నిగనిగ వాటివల్లే. డబ్బాలో ఉన్నంతసేపు అవి పెద్దగా ఆవిరి కావు. గన్‌లోంచి తుంపరగా బయటికి వచ్చినప్పుడే ప్రమాదం, ఎందుకంటే 5 మైక్రాన్ల కంటే చిన్న బిందువులు ఊపిరితిత్తుల లోతు వరకు చేరతాయి. హాని చేసే మోతాదులో ఉన్నా వాసన తెలియదు. మీకు గుప్పుమని కొట్టేది థిన్నర్ వాసన. అది తగ్గగానే గాలి బాగుపడిందనుకుని మాస్కు తీస్తారు. కంటికి కనిపించే పొగమంచు పోయిన తర్వాత కూడా సన్నటి తుంపర గాలిలో చాలాసేపు ఉంటుంది. పూత ఎలా వచ్చిందో చూద్దామని మధ్యలో ముఖకవచం పైకెత్తే అలవాటు అనుభవజ్ఞులకు కూడా ఉంది, అది చాలా చెడ్డ అలవాటు.

ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి. వాహనాలకు రంగు చల్లే వృత్తిలో ఉబ్బసానికి బాగా తెలిసిన కారణం ఇదే. శరీరం ఒకసారి వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే, ఆ తర్వాత అతి కొద్ది మోతాదు తగిలినా శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. ఆ స్థితి ఏళ్ల తరబడి, కొందరికి జీవితాంతం ఉంటుంది. చర్మం మీద పడినా ఆ గుర్తు పడవచ్చు. లక్షణాలు అప్పటికప్పుడే రానక్కర్లేదు, కొన్ని గంటలు ఆగి రాత్రిపూట దగ్గుగా, పిల్లికూతలుగా మొదలవుతాయి. అందుకే పగలు చేసిన పనికీ రాత్రి దగ్గుకూ సంబంధం ఉందని చాలామందికి తోచదు. మీరు ఆ సంబంధాన్ని గమనించి రాశారు, అది చాలా మేలు.

దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు. బొగ్గు గుళికలు, తుంపర ఫిల్టర్ రెండూ ఉన్న మాస్కు దానికంటే నయం, అయితే గుళిక పని అయిపోయిందని చెప్పే వాసనే ఐసోసయనేట్‌కు లేదు. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి సరిగా అతుక్కోదు. ఈ పనికి తగినది బయటి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా ముసుగులోకి పంపే ఏర్పాటు. ఆ గాలిని రంగు చల్లే కంప్రెసర్ నుంచే తీసుకుందామని ఒకరు గతంలో రాశారు. దయచేసి ఆ పని చేయకండి. అందులో నూనె తుంపర ఉంటుంది, వేడెక్కితే కార్బన్ మోనాక్సైడ్ కూడా రావచ్చు.

నా బాధ ఇక్కడ ఉంది. ఐరోపా సమాఖ్యలో 0.1 శాతానికి మించి డైఐసోసయనేట్ మోనోమర్లు (ఇంకా ఒకదానితో ఒకటి కలవని ఐసోసయనేట్ అణువులు) ఉన్న సరుకును వృత్తిగా వాడేవారు ముందు శిక్షణ పొంది తీరాలని 2023 ఆగస్టు 24 నుంచి నియమం ఉంది. గాలి లాగే బూత్, ముసుగు ఉన్న పనివారికి కూడా శిక్షణ అవసరమని అక్కడ అనుకున్నారు. ఏమీ లేని షెడ్డులో ఒంటరిగా చల్లేవారికి దొరికేది డబ్బా వెనుక చీమతలకాయంత అక్షరాలు. ఇప్పుడు టూ-కే క్లియర్ కోట్ మీట నొక్కి కలుపుకునే చిన్న స్ప్రే డబ్బాల్లో కూడా వస్తోంది, చూడటానికి బొమ్మలకు రంగు వేసే డబ్బాలాగే ఉంటుంది. ఇక వీడియోల్లో టీ షర్టు, కాగితం మాస్కుతో చల్లి చివర మెరుపు చూపిస్తారు. ఆ మనిషి రాత్రి ఎలా నిద్రపోయాడో ఎవరూ చూపించరు.

1880ల చివర్లో అమెరికాలోని టొలీడో నగరంలో ఒక వైద్యుడు రోగుల గొంతులోకి మందు పంపడానికి తుంపర పరికరం తయారు చేశాడు. 1907లో ఆయన కొడుకు అదే సూత్రంతో రంగు చల్లే గన్ చేశాడు. ద్రవాన్ని మనిషి పీల్చగలిగేంత సన్నగా చేయడమే ఈ పరికరం మొదటి పని. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే, మొదటి ప్రశ్న రాసిన పాఠకుడికి కూడా నా సలహా ఎందుకు ఇలా ఉందో అర్థమవుతుంది: పుట్టీ, రుద్దడం, హార్డెనర్ అక్కర్లేని ప్రైమర్, బేస్ కోట్ ఇంట్లో చేసుకోండి, వాటికీ తలుపులు తెరిచి, దగ్గర్లో ఏ మంటా లేకుండా, ఆవిరి గుళికల మాస్కుతోనే. టూ-కే క్లియర్ కోట్ మాత్రం బూత్ ఉన్న వర్క్‌షాపులో వేయించండి.

దగ్గుతో రాసిన మీరు ఈ వారమే ఊపిరితిత్తుల డాక్టరును కలవండి. దగ్గు అని ఊరుకోకుండా ఏ రోజు రంగు వేశారో, దగ్గు ఎప్పుడు మొదలైందో, ఐసోసయనేట్ అనే మాట, ఇవన్నీ చెప్పండి. హార్డెనర్ లేబుల్‌ను ఫొటో తీసి చూపించండి, డబ్బాను వెంట తీసుకెళ్లకండి. మిగిలిన రెండు తలుపులు విప్పి వర్క్‌షాపుకు పంపండి, తెచ్చుకోవడానికి పూత పూర్తిగా గట్టిపడ్డాకే వెళ్లండి.