ఏసీ సర్వీసింగ్ షాపు పెట్టాలనుకుంటే

ఏసీ రిపేరు షాపు సొంతంగా పెడితే రోజూ ఏ ఇబ్బందులు పడాలి, నాలుగు డబ్బులు మిగులుతాయా అని అడిగారు. విజయవాడలో పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నా అనుభవం చెబుతాను.

రోహిణి కార్తెలో ఫోన్ పొద్దున ఆరింటికే మొదలవుతుంది. మా దగ్గర నలుగురు కుర్రాళ్లు, రెండు బళ్లు. ఎంత తిరిగినా రోజుకు పన్నెండిళ్లు దాటవు. ఎవరింటికి ముందు వెళ్లాలన్నదే పెద్ద టెన్షన్. పసిపిల్లలు, బాలింతలు, మంచంలో ఉన్న పెద్దవాళ్లు ఉన్న ఇల్లు ముందు. డబుల్ ఇస్తామన్నవాళ్లు తర్వాతే. ఇలా కొందరు కస్టమర్లు పోయారు, పోనివ్వండి. చెమటపొక్కులతో ఒళ్లంతా ఎర్రబడి ఏడుస్తున్న పసివాడిని ఒక్కసారి చూస్తే మీరూ ఇదే చేస్తారు.

అన్నిటికంటే ఎక్కువ మాట్లాడాల్సి వచ్చేది గ్యాస్ గురించి. "ఏటా గ్యాస్ కొట్టించాలి కదా" అని చాలామంది నమ్మకం. అది పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదండీ. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బు నురగ రాసి, కళ్లార్పకుండా కూర్చోవాలి. కాసేపటికి ఏదో ఒక నట్టు దగ్గర ఆవగింజంత బుడగ మెల్లగా ఉబ్బుతుంది. అప్పుడు ఇంటివాళ్లను పిలిచి చూపిస్తాను. అది బాగుచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి, యూనిట్ మీద రాసి ఉన్న బరువు ప్రకారం తూచి నింపాలి. ఇంకొకడు ఇరవై నిమిషాల్లో గ్యాస్ కొట్టేసి సగం డబ్బులకే వెళ్లిపోతాడు. "మీరెందుకు ఇంత అడుగుతున్నారు" అన్న మాట వినక తప్పదు. కానీ ఆ బుడగ కళ్లారా చూసినవాళ్లు పెద్దగా బేరమాడరు.

ఇప్పుడు కొత్త ఏసీల్లో చాలావాటికి ఆర్-32 అనే గ్యాస్ వస్తోంది. దానికి కొంచెం మంట అంటుకునే గుణం ఉంది. పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాస్ అలవాటుతో గ్యాస్ పూర్తిగా తీయకుండా గొట్టాల మీద వెల్డింగ్ మంట పెట్టే కుర్రాడిని పనిలో ఉంచుకోకండి. నాలుగో అంతస్తు సజ్జ మీద అవుట్‌డోర్ యూనిట్ ఉంటే బెల్టు లేనిదే ఎవరినీ దింపకండి, కస్టమర్ ఎంత తొందరపెట్టినా సరే.

నవ్వుకునేవీ బోలెడు. ఒకసారి ఏసీ ఆగిందంటే పటమటలో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. బయటి యూనిట్ విప్పితే బోర్డు మీద బల్లి, షాక్ కొట్టి ఎండిపోయి ఉంది. బోర్డు ఎంతవుతుందని ఆయన అడగనే లేదు. "మనుషుల మీద పడలేదుగా అబ్బాయ్, దోషం ఏమీ ఉండదుగా?" అని అడిగి, పంచాంగం కోసం లోపలికి వెళ్లారు. ఇంకొకావిడ ఒకటిన్నర టన్నుల ఏసీకి గోడ ఆగుతుందా అని మేస్త్రీని కూడా పిలిపించారు. టన్ను అంటే బరువు కాదమ్మా, ఒక టన్ను ఐసు ఒక రోజులో కరిగేటప్పుడు ఎంత వేడి లాగుతుందో అంత చల్లబరిచే శక్తి అని చెబితే, మేస్త్రీ కూడా శ్రద్ధగా విన్నాడు.

"చల్లగాలి రావట్లేదు" అన్న ఫోన్ వస్తే బండి తీయకముందే రిమోట్‌లో మంచు గుర్తు ఉందా అని అడగండి. "లేదు బాబూ, ఫ్యాను రెక్కలున్నాయి" అంటారు. మనవడు నొక్కి ఉంటాడు. ఏ బటన్ నొక్కాలో ఫోన్‌లోనే చెప్పేస్తాను, డబ్బులు తీసుకోను. అలాంటి ఇంటి నుంచే తర్వాత పెళ్లికొడుకు గదికి కొత్త ఏసీ బిగించే పని వచ్చింది.

డబ్బుల విషయానికొస్తే, మార్చి నుంచి జూన్ దాకా వచ్చిందే ఏడాదంతా సర్దుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి దాకా ఫోన్ మోగదు, కుర్రాళ్ల జీతాలు మాత్రం ఆగవు. అందుకే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ పని కూడా నేర్చుకోండి, ఏడాది కాంట్రాక్టులు నాలుగైదు ఆఫీసులతో పెట్టుకోండి. షాపు మాత్రం మేలో తెరవకండి. ఫిబ్రవరిలో తెరిస్తే సీజన్‌కు ముందు సర్వీసింగులు చేస్తూ కుర్రాళ్ల పనితనం ఎలా ఉందో చూసుకునే వీలుంటుంది.