యావరేజ్ ప్యాకేజీ 8.4 లక్షలు: అది ఎవరి జీతం?

ప్రశ్న: మాది సూర్యాపేట. ఎరువుల దుకాణం నడుపుతాను. మా పాపకు ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో ఈసీఈ వచ్చేలా ఉంది. హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ సీటు ఇస్తామంటున్నారు. వాళ్ల బ్రోచర్‌లో "యావరేజ్ ప్యాకేజీ 8.4 లక్షలు, హయ్యెస్ట్ 44 లక్షలు, ప్లేస్‌మెంట్లు 92 శాతం" అని ఉంది. యూనివర్సిటీ కాలేజీవాళ్లు ఏ అంకే చెప్పడం లేదు. అరెకరం అమ్మితే నాలుగేళ్ల ఖర్చు వెళ్లిపోతుంది. "పాప రెండేళ్ల జీతంతో మళ్లీ కొనుక్కోవచ్చు బావా" అని మా బామ్మర్ది అంటున్నాడు. అమ్మమంటారా?

జవాబు: వద్దండీ. ఆ బ్రోచర్ చూసి మాత్రం అమ్మకండి. కాస్త వివరంగానే చెబుతాను, రేపు మీ బామ్మర్దిగారికి నచ్చజెప్పాల్సింది మీరే కదా.

బ్రోచర్‌లో అబద్ధం రాశారని నేననడం లేదు. మూడు అంకెలూ నిజమే కావచ్చు. ముందు సగటు సంగతి చూద్దాం. మీ దుకాణానికి ఒక ఉదయం పది మంది రైతులు వచ్చారనుకోండి. తొమ్మిది మంది తలా రెండు బస్తాల డీఏపీ తీసుకున్నారు. పదో ఆయన పెద్ద రైతు, ట్రాక్టరు తెచ్చుకుని 42 బస్తాలు వేయించుకున్నాడు. మొత్తం 60 బస్తాలు, సగటున మనిషికి ఆరు. "మా దగ్గరికొచ్చే రైతు ఆరు బస్తాలు కొంటాడు" అని మీరు ఎవరికైనా చెబుతారా? చెప్పరు, ఎందుకంటే ఆ వచ్చినవాళ్లు మీకు తెలుసు. కాలేజీ బ్రోచర్ చదివేటప్పుడు ఆ పిల్లలెవరో మనకు తెలియదు, తేడా అంతే.

ప్యాకేజీలూ అంతే. పది మందిలో ఒకరికి 44 లక్షలు, ఇంకొకరికి 12, మిగతా ఎనిమిది మందికి మూడున్నర చొప్పున వస్తే మొత్తం 84 లక్షలు. సగటు 8.4. ఆ పది మందిలో ఎనిమిది లక్షలు అందుకున్న పిల్ల ఒక్కతి కూడా లేదు. జీతాల వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లకు వచ్చేది మూడున్నర. దీన్నే పదో తరగతి లెక్కల్లో మధ్యగతం (ఇంగ్లీషులో మీడియన్) అంటారు, మీ పాపకు బాగానే గుర్తుండి ఉంటుంది. ఇకమీదట ఏ కాలేజీవాళ్లయినా యావరేజ్ అంటే మీరు మీడియన్ అడగండి. "అది తర్వాత చెబుతాం సార్" అన్నారంటే మీకు కావాల్సిన జవాబు దాదాపుగా వచ్చేసినట్టే.

ఈ లెక్కలు ఎలా తయారవుతాయో నాకు కొంచెం దగ్గరగా తెలుసు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో రెండేళ్లు పనిచేశాను. ఎక్సెల్‌లో ప్రతి విద్యార్థికీ ఒక వరుస, చివరి గడిలో ప్యాకేజీ. ఉద్యోగం రానివాళ్ల గడిలో నేను సున్నా వేసేవాణ్ణి. బ్రోచర్ అచ్చుకు వెళ్లే ముందు పైనుంచి ఒకే ఒక సవరణ చెప్పారు: ఆ సున్నాలు తీసేసి గడులు ఖాళీగా ఉంచమన్నారు. ఎక్సెల్ సగటు కట్టేటప్పుడు సున్నాను లెక్కలోకి తీసుకుంటుంది, ఖాళీ గడిని వదిలేస్తుంది. ఇందాకటి పది మందికి ఉద్యోగం రాని ఆరుగురిని కలపండి. సున్నాలుంటే సగటు 5.25 లక్షలు, గడులు ఖాళీగా ఉంటే మళ్లీ 8.4. ఎవరూ ఏ అంకెనూ దిద్దలేదు. ఆ ఆరుగురు మాత్రం లెక్కలోంచి మాయమయ్యారు.

ఇక 92 శాతం. ఎంతమందిలో 92 అన్నదే అసలు ప్రశ్న. కాలేజీలు సాధారణంగా "అర్హులు" అన్న మాట వాడతాయి. బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నవాళ్లు, 60 శాతం దాటనివాళ్లు, ప్లేస్‌మెంట్‌కు పేరు ఇవ్వనివాళ్లు ఆ జాబితాలోకే రారు. కొన్ని చోట్ల విద్యార్థులను కాకుండా ఆఫర్లను లెక్కపెడతారు, ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లు వస్తే మూడు.

దీన్ని సరిచూడటానికి మీరు హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగులకు కాలేజీలు పంపే వివరాలు వాటి వెబ్‌సైట్లలోనే ఉంటాయి. అందులో నాలుగేళ్ల యూజీ కోర్సు పట్టిక వెతకండి. మొదటి ఏడాది ఎంతమంది చేరారు, లేటరల్ ఎంట్రీలో (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో) ఎంతమంది వచ్చారు, గడువులోగా ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మీడియన్ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు అన్నవి ఉంటాయి. ఉదాహరణకు (ఈ అంకెలు నేను వేసుకున్నవి) 420 మంది చేరారు, 42 మంది లేటరల్‌గా వచ్చారు, ఉద్యోగాలు 214 మందికి. కాలేజీ లెక్కలో అర్హులు 233 మందే అయితే అది 92 శాతం. చేరిన 462 మందిలో చూస్తే 46 శాతం. పైచదువులకు వెళ్లినవాళ్లను విడిగా కలుపుకోవాలి, వాళ్లను నిరుద్యోగుల్లో వేయడం అన్యాయం. ఒక ఇబ్బంది కూడా ఉంది. ఆ వివరాలు కాలేజీ తనకు తాను ఇచ్చుకున్నవి, పైగా అన్ని బ్రాంచిలూ కలిపి ఒకే మీడియన్. అయినా బ్రోచర్ కంటే వెయ్యి రెట్లు నయం. మీరు చెప్పిన యూనివర్సిటీ కాలేజీకి కూడా ఇదే పట్టిక వెతకండి. ఫ్లెక్సీ కట్టుకోలేదు కాబట్టి అంకెలే లేవనుకోవద్దు.

హయ్యెస్ట్ 44 లక్షల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అది ఒక పిల్లవాడి ప్రతిభ. టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, మూడు" అని ర్యాంకులు అరిచే ఇంటర్ కాలేజీల ప్రకటనల్లాంటిదే: ఎన్ని వేలమంది పరీక్ష రాశారన్నది అందులో వినపడదు.

మీ బామ్మర్దిగారి రెండేళ్ల లెక్క దగ్గరికి వద్దాం. ప్యాకేజీ అంటే జీతం కాదు, సీటీసీ, అంటే కంపెనీ ఒక ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఎనిమిది లక్షల ఆఫర్ లెటర్‌ను ఒకటి విప్పి చూద్దాం. అందులో లక్ష జాయినింగ్ బోనస్, ఒక్కసారే ఇస్తారు. 80 వేలు వేరియబుల్ పే, కంపెనీ పనితీరు, మన పనితీరు చూసి ఇస్తారు. కంపెనీ కట్టే పీఎఫ్, సాధారణంగా ఐదేళ్లు పనిచేస్తే గానీ చేతికి రాని గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో 50 వేలు. మిగిలేది 5.7 లక్షలు. నెలకు 47,500. అందులో పాప వాటా పీఎఫ్, వృత్తి పన్ను పోగా బ్యాంకులో పడేది 45 వేలకు కాస్త అటూ ఇటూ. ఎనిమిది లక్షలను పన్నెండుతో భాగించి 66 వేలు అనుకున్నవాళ్లకు మొదటి నెలలోనే టెన్షన్ మొదలవుతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్ అద్దె, తిండి, బస్సు ఖర్చు పోనిచ్చి చూడండి, రెండేళ్లలో అరెకరం ఎక్కడ వస్తుంది? అదీ ఎనిమిది లక్షలు వస్తే.

అంకెల కింద ఏ బ్యాచ్ అని రాశారో కూడా చూడండి. 2021-22లో ఐటీ కంపెనీలు ఫ్రెషర్లను విపరీతంగా తీసుకున్నాయి, 2023 నుంచి బాగా తగ్గించాయి. ఆనాటి అంకెలే ఇంకా గోడల మీద ఉన్న కాలేజీలు నేను చూశాను.

చాలామంది తల్లిదండ్రులు వదిలేసే విషయం ఇంకొకటుంది. ఒక కాలేజీ మీడియన్ నిజంగానే బాగుందనుకుందాం. ఆ ఘనత కాలేజీదా, అక్కడ చేరిన పిల్లలదా? ఐదు వేలలోపు ర్యాంకు వచ్చినవాళ్లు ఎక్కడ చదివినా చాలావరకు బాగానే నెట్టుకొస్తారు. అందుకే కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో గత ఏడాది లాస్ట్ ర్యాంకులు తీసి, మీ పాప ర్యాంకు దగ్గర ఎవరు చేరుతున్నారో చూడండి. ఆమెతో పోల్చాల్సింది వాళ్లను, 44 లక్షల అబ్బాయిని కాదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు ఏమొచ్చిందో విడిగా చెప్పిన బ్రోచర్ నాకింతవరకు కనపడలేదు.

నా అభిప్రాయం: రెండు పట్టికల్లో పెద్ద తేడా లేకపోతే యూనివర్సిటీ కాలేజీలో ఈసీఈ తీసుకోండి. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈసీఈ వాళ్లను కూడా పరీక్షకు కూర్చోనిస్తాయి. మీకు అర్హత ఉంటే కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. అయితే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, పాపకు ఏది ఇష్టమో ఎక్కడా లేదు. ఆమెకు సర్క్యూట్లంటే ఏవగింపు, కోడింగ్ అంటే ప్రాణం అయితే అప్పుడు కన్వీనర్ కోటాలోనే ఇంకో కాలేజీ సీఎస్ఈని ఆప్షన్లలో పైన పెట్టండి. దానికీ పొలం అమ్మక్కర్లేదు.

ఒక పూట వీలు చేసుకుని పాపను వెంటబెట్టుకుని రెండు క్యాంపస్‌లకూ వెళ్లండి. ఆఫీసులో కూర్చోకండి, క్యాంటీన్‌కు వెళ్లండి. ఫైనలియర్ పిల్లలను ఒకే ప్రశ్న అడగండి: "అమ్మా, మీ సెక్షన్‌లో ఎంతమంది, ఎంతమందికి వచ్చింది?" నలుగురైదుగురిని అడిగితే చాలు, పిల్లలు దాచరు.

వచ్చేటప్పుడు అడ్వాన్స్ పేరుతో రూపాయి కూడా కట్టకండి. రసీదు లేకుండా అడిగే డొనేషన్ 1983లో వచ్చిన క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం నాటి నుంచే నిషేధం. ఒరిజినల్ సర్టిఫికెట్లు అసలు తీసుకెళ్లకండి, జిరాక్సులు చాలు. "సీటు బ్లాక్ చేయాలంటే ఒరిజినల్స్ ఇవ్వండి" అంటారు. ఇచ్చారంటే, కౌన్సెలింగ్‌లో మంచి సీటు వచ్చిన రోజున వాటి కోసం మళ్లీ వాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.