పాఠకుల ప్రశ్నలు: బస్తీ పిల్లల కోసం పగటి కేంద్రం

ప్రశ్న: మాది రైలు కట్టను ఆనుకొని ఉన్న బస్తీలోని చిన్న సంఘం. తల్లులు ఇళ్లలో పాచిపనులకు, తండ్రులు హమాలీ పనికి వెళ్లాక పిల్లలు పట్టాల వెంట చిత్తు ఏరుకుంటూ తిరుగుతున్నారని, మా స్త్రీల సమాజం ఆరు నెలలుగా వారానికి మూడు రోజులు మధ్యాహ్న భోజనం పెడుతోంది. పాతిక ముప్ఫై మంది వస్తున్నారు. దీన్ని ఉదయం నుంచి సాయంత్రం దాకా నడిచే కేంద్రంగా మార్చాలనీ, ఇంటి పరిస్థితి మరీ బాగాలేని పది మందిని రాత్రిళ్లు కూడా చర్చి హాలులోనే పడుకోబెట్టాలనీ అనుకుంటున్నాం. దేవుని పనికి అనుమతులెందుకని కొందరు పెద్దలు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాస్టరు గారి భార్య, విజయవాడ

జవాబు: అమ్మా, ముందుగా రాత్రి సంగతి చెప్పి తరువాత పగటి సంగతికి వస్తాను. ఆ పది మందిని రాత్రిళ్లు ఉంచుకోవద్దు. సంరక్షణ అవసరమైన పిల్లలకు వసతి ఇచ్చే ఏ సంస్థ అయినా, ప్రభుత్వ సహాయం తీసుకున్నా తీసుకోకపోయినా, 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద నమోదు కావలసిందే. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దేవుని పని అన్న మాట ఈ సెక్షన్‌కు మినహాయింపు కాదు, కాకూడదు కూడా. మంచి మనసుతో మొదలై, పర్యవేక్షణ లేక పాడైన హాస్టళ్ల కథలు మన సంఘాల్లో తక్కువేమీ కాదు.

చట్టం ఒక్కటే కారణం కాదు. పగటి కేంద్రానికి ఉన్న అసలు బలం పిల్లవాడు సాయంత్రం ఇంటికి వెళ్లడమే. తల్లి పేదది, తండ్రి తాగుతాడు అన్నంత మాత్రాన పిల్లను ఇంటి నుంచి వేరు చేస్తే, ఆ తల్లి క్రమంగా పిల్ల బాధ్యతను సంఘానికి వదిలేస్తుంది; నాలుగేళ్ల తరువాత మీ సమాజంలో ఓపిక తగ్గినప్పుడు ఆ పిల్లకు ఇటు హాలూ ఉండదు, అటు ఇల్లూ ఉండదు. నిజంగానే ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లలు, రైలు దిగి ఒంటరిగా తిరుగుతున్న పిల్లలు మీ కంటపడతారు. విజయవాడ జంక్షన్ పక్కన ఇది తప్పదు. అటువంటి పిల్లల విషయంలో పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. ఒంటరిగా దొరికిన పిల్లవాడి సంగతి ఇరవై నాలుగు గంటల్లోపు 1098కో, పోలీసులకో, బాలల సంక్షేమ కమిటీకో తెలపడం చట్టం మనందరి మీదా పెట్టిన బాధ్యత. రాత్రి ఎక్కడ ఉంచాలో నిర్ణయించే అధికారం ఆ కమిటీది. మీ ఊళ్లోనే సలేషియన్ అనే కాథలిక్ సభకు చెందిన ఫాదర్ల నవజీవన్ బాలభవన్ 1989 నుంచి వీధి పిల్లల మధ్య పనిచేస్తోంది. వారు కాథలిక్కులు, మేము ప్రొటెస్టెంట్లం అనుకోకుండా ఒక రోజు వెళ్లి చూసి రండి. వారి మూలపురుషుడు డాన్ బోస్కో కూడా 1841లో ట్యూరిన్ నగరంలో పని వెదుక్కుంటూ వచ్చిన కుర్రాళ్లను మొదట ఆదివారాలు, పండుగ రోజుల్లో ఆటకూ ప్రార్థనకూ పాఠానికీ పోగుచేశాడే గాని, వసతి గృహంతో మొదలుపెట్టలేదు.

ఇక పగటి సంగతి. మీకు కటువుగా అనిపించవచ్చు గాని, ఒక ప్రశ్న అడగక తప్పదు: మీరు పెట్టే మధ్యాహ్న భోజనం ఎవరిని బడి మాన్పిస్తోంది? ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లకు సర్కారు బడిలో ఆ వేళకే గుడ్డుతో సహా భోజనం ఉంటుంది. హాజరు తక్కువ ఉన్న పిల్ల మీ బంతిలో కూర్చుంటే, సాయం చేస్తున్నామనుకుంటూనే బడికి పోటీ పెడుతున్నట్టు. నేను నడిపిన కేంద్రంలో మొదటి సంవత్సరం ఇదే పొరపాటు జరిగింది. ఒక ప్రధానోపాధ్యాయురాలు స్వయంగా వచ్చి, 'మా నాలుగో తరగతి సగం మీ దగ్గరే ఉంది' అని చెబితే గాని మాకు తెలియలేదు. ఆ తరువాత మధ్యాహ్నం వంట ఆపి, సాయంత్రం నాలుగింటికి ఉప్మాయో, ఉడికించిన శనగలో, అరటిపండో ఇవ్వడం మొదలుపెట్టాం.

అందువల్ల ఉదయం వేళ కేంద్రం బడి బయట ఉన్నవారి కోసమే నడవాలి. వయసు మించిపోయి రెండో తరగతిలో కూర్చోవడానికి సిగ్గుపడే పదకొండేళ్ల కుర్రవాడు, తమ్ముణ్ని చూసుకోవడానికి బడి మానేసిన అక్క వంటివారు వీరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం అటువంటి పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 14వ సెక్షన్ ప్రకారం జనన ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ రెండు సెక్షన్ల కాగితం చేతిలో పెట్టుకొని, తల్లిని వెంటబెట్టుకొని బడికి వెళ్లండి. తమ్ముడికి మూడేళ్లు నిండి ఉంటే అంగన్‌వాడీలో చేర్పిస్తే అక్క కాళ్లకు బంధం తెగుతుంది. మీ హాలునే బడిగా మార్చవద్దు, యూనిఫాం కుట్టించవద్దు. గుర్తింపు లేని బడి నడిపితే లక్ష వరకు జరిమానా ఉంది. బడి వదిలాక నాలుగు నుంచి ఆరున్నర దాకా అందరికీ తలుపు తెరవండి. తల్లులు సాయంత్రం పాచిపని ముగించుకొని వచ్చేది కూడా అప్పుడే. హోంవర్కు, ఆట, స్నానానికి నీళ్లు, గాయానికి మందు అన్నీ ఆ రెండున్నర గంటల్లో పడతాయి.

నిర్వహణకు సంఘం ఖాతా వాడకుండా, కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీ నమోదు చేసుకొని విడిగా ఖాతా తెరవండి. ఏ పెద్దా పిల్లతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమాన్ని మొదటి రోజే గోడ మీద రాయించండి. అది పాస్టరు గారికీ వర్తిస్తుంది. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం కలిగినా పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాలి. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు శిక్ష ఉంది. సంఘం పరువు పేరుతో ఇటువంటివి ప్రార్థన గదిలోనే సర్దిపుచ్చడం మన దగ్గర పాత జబ్బు.

ప్రశ్న: మా యువజన సంఘం నడిపే కేంద్రంలో హిందూ, ముస్లిం పిల్లలే ఎక్కువ. పాటలు నేర్పి ప్రార్థన చేయిస్తుంటే బస్తీలో కొందరు మతమార్పిడి అని గొడవకు వస్తున్నారు. భయపడి మానేయాలా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: బోర్డు మీద సిలువ ఉంటే తీసేయనవసరం లేదు. మీరు క్రైస్తవులని తల్లిదండ్రులకు మొదటి రోజే వారి భాషలో చెప్పండి, దాచితేనే అనుమానం పుడుతుంది. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇస్తుంది గాని, అందులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లోనే స్టానిస్లాస్ కేసులో తేల్చింది. గుర్తింపు పొందిన విద్యాసంస్థల్లో సైతం మైనరు పిల్లను సంరక్షకుల అంగీకారం లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం చెబుతోంది. మీది విద్యాసంస్థ కాకపోయినా ఆ కొలతే మీకూ మంచిది.

మీ ఉత్తరంలోని 'చేయిస్తుంటే' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. భోజనానికి ముందు కార్యకర్తలు తమ ప్రార్థన తాము చేసుకోవచ్చు, పిల్లవాడు కళ్లు మూయకపోయినా అతని పళ్లెంలో అన్నం ముందే వడ్డించి ఉండాలి. సండే స్కూలు వేరే రోజున, వేరే చోట, తల్లిదండ్రులు పంపితేనే జరగాలి. అన్నింటికంటే ముఖ్యం, రమేష్‌ను రూబేను అనీ, సల్మాను సారా అనీ పిలవడం ఈ రోజే మానేయండి. సరదాకి పెట్టామంటారు గాని, పేరు మారడం ఆ తల్లికి ఎలా వినిపిస్తుందో ఆలోచించారా?

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా మేనమామ, ఆయన స్నేహితులు మా కేంద్రానికి నెలనెలా డబ్బు పంపుతామంటున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో పిల్లవాడి ఫొటో, కుటుంబ కథ పంపమంటున్నారు. పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ మేనమామ గారు ఇంకా భారత పౌరులే అయితే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం వస్తుంది. అప్పుడు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదో, ముందస్తు అనుమతో లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. నమోదుకు సాధారణంగా సంస్థకు మూడేళ్ల వయసు, ఆ కాలంలో 15 లక్షల ఖర్చు చూపించాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం మించకూడదు. కాబట్టి చిన్న కేంద్రాలకు ఊళ్లోని దాతలే నయం.

ఫొటోలూ కథలూ పంపవద్దు. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, ముఖం బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. తండ్రి తాగుబోతు అని మీరు రాసిన కథ వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఎప్పుడో ఆ పిల్ల బడికే చేరుతుంది. దాతలకు హాజరు పట్టీలోని సంఖ్యలు, ఆ నెల శనగల బిల్లు నకలు, ఈ ఏడాది ఎందరు బడిలో చేరారో ఆ లెక్క పంపండి.