ఖరీదైన డైవ్ వాచీ ఒకటా, సాదావి రెండా?

ప్రశ్న: మావారూ నేనూ స్కూబా డైవింగ్ నేర్చుకుని రెండేళ్లయింది. ఏడాదికోసారి నాలుగు రోజులు వెళ్లి, పదేసి డైవ్‌లు చేసి వస్తాం. ఇప్పటిదాకా చేతికి వాచీలా కట్టుకునే డైవ్ కంప్యూటర్లు అద్దెకే తీసుకున్నాం. ఈసారి బోనస్ వచ్చింది. దానికి కొన్ని నెలల ఈఎంఐ కలిపి, సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో కూడా చూపించే రంగుల తెర వాచీ కొందామనుకుంటున్నాం. నీళ్లలో ఎలాగూ ఇద్దరం పక్కపక్కనే ఉంటాం, ఒకటి చాలదా?

జవాబు: చాలదు. డబ్బు లెక్కల్లోకి వెళ్లే ముందే ఈ సంగతి తేల్చేద్దాం.

నీటిలో ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక వాతావరణం మేర పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో గాలి పీలుస్తుంటే అందులోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతూ పోతుంది. అది ఎక్కువై మనం వేగంగా పైకి వస్తే ఒంట్లోనే బుడగలు కట్టి ప్రమాదం తెస్తుంది. నైట్రోజన్ ఎంత కరిగిందో కంప్యూటర్ కొలిచి చెప్పదు. మీరు ఏ లోతులో ఎంతసేపు ఉన్నారో చూసి లెక్క కడుతుంది, అంతే. కాబట్టి ఆ లెక్క చేతికి కట్టుకున్న మనిషిది మాత్రమే. మీవారు 14 మీటర్ల దగ్గర ఉండగా మీరు ఏదో చేప కనిపించిందని 18కి దిగితే మీ లెక్క వేరైపోయినట్టే. పొద్దున ఆయన కట్టుకుని మధ్యాహ్నం మీరు కట్టుకోవడం ఇంకా ప్రమాదం. మొదటి డైవ్‌లో చేరిన నైట్రోజన్ పూర్తిగా పోకుండానే రెండోసారి దిగుతారు కదా! ఆ మిగులును గుర్తుపెట్టుకోవడమే ఈ యంత్రం చేసే అసలు పని. చేతులు మారితే అది ఒకరి ఖాతా చూసి ఇంకొకరికి అప్పిచ్చినట్టు ఉంటుంది.

అందుకే మీ ప్రశ్నను కాస్త మారుస్తాను. ఒక ఖరీదైనదానికి పెట్టే డబ్బుతో రెండు మామూలువి వస్తాయా? సాధారణంగా వస్తాయి. మామూలుదానిలో తగ్గేది ప్రాణానికి సంబంధించిన లెక్క కాదు. ఈ నైట్రోజన్ లెక్కకు ఆల్బర్ట్ బూల్‌మాన్ అనే స్విస్ వైద్యుడు తయారుచేసిన నమూనా ఖరీదైన వాచీల్లోనూ ఉంటుంది, చవక మోడళ్లు కొన్నిటిలోనూ ఉంటుంది. ఇంకా ఎంతసేపు ఉండొచ్చు, పైకి మరీ వేగంగా వస్తున్నారా, పైకి వచ్చేటప్పుడు నైట్రోజన్ కొంత బయటికి పోయేలా 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగారా అనేవి మామూలుదీ చెబుతుంది.

ఇక అద్దె సంగతి. కంప్యూటర్ ధరను రోజు అద్దెతో భాగించి చూడండి. 30 వచ్చిందనుకుందాం. ఏడాదికి నాలుగు రోజులే వాడతారు కనుక పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. మధ్యలో ఒక ఏడాది వెళ్లడం కుదరకపోతే ఇంకా ఆలస్యం. డబ్బు ఒక్కటే చూస్తే అద్దే నయమని ఒప్పుకుంటాను.

అయినా కొనమనే అంటాను, మామూలువి రెండు. నాకూ ఈ సరదా ఉంది కాబట్టి నా అనుభవం చెబుతాను. ఒకసారి అద్దెకు తీసుకున్న కంప్యూటర్‌లో అంతకుముందు వాడినవాళ్లు పెట్టిన నైట్రాక్స్ (మామూలు గాలికంటే ఆక్సిజన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ ఉండే మిశ్రమం) 36 శాతం ఆక్సిజన్ సెట్టింగ్ అలాగే ఉండిపోయింది. నా సిలిండర్‌లో ఉన్నది మామూలు గాలి. దిగేముందు చూసుకున్నాను గనుక సరిపోయింది, లేకపోతే అది నా ఒంట్లో నైట్రోజన్ తక్కువ చేరుతోందనుకుని ఎక్కువ సమయం చూపించేది. ట్రిప్‌కో కొత్త మెనూ నేర్చుకునే టెన్షన్ సొంతదానితో ఉండదు. డైవ్‌ల సంఖ్య పెరిగేకొద్దీ దీని విలువ తెలుస్తుంది.

కొనేటప్పుడు నేనైతే అన్నిటికంటే ముందు బ్యాటరీ చూస్తాను. బటన్ బ్యాటరీ మనమే మార్చుకునే మోడల్ అయితే ట్రిప్‌కు ముందు కొత్తది వేసి, మూత దగ్గరి రబ్బరు రింగు శుభ్రంగా ఉందో లేదో చూసుకుంటే చాలు. రీచార్జి రకంలో బ్యాటరీ లోపలే ఉంటుంది, కొన్నేళ్లకు అది నీరసిస్తే కంపెనీకి పంపాలి. ఏడాదిలో 361 రోజులు సొరుగులో పడుండే వస్తువుకు అది అనవసరపు ఖర్చు. ఆ తర్వాత మసక నీళ్లలోనూ కనిపించే పెద్ద అంకెలు, నైట్రాక్స్ సౌకర్యం, లెక్కను ఇంకాస్త జాగ్రత్త వైపు జరుపుకునే వీలు ఉన్నాయేమో చూడండి. మిగతావన్నీ ముచ్చట్లు.

గాలి చూపించే సౌకర్యమంటే మోజు ఉండటం సహజం. కానీ దానికి సిలిండర్ దగ్గర రెగ్యులేటర్‌కు బిగించే ట్రాన్స్‌మిటర్ కావాలి. చాలాచోట్ల దాన్ని విడిగా కొనాలి, దానికో బ్యాటరీ కూడా. అది మొరాయిస్తే ఎలా అని చాలామంది మామూలు ప్రెజర్ గేజీని కూడా ఉంచుకుంటారు. అంటే ఒకే పనికి రెండుసార్లు ఖర్చు.

ఈఎంఐ వద్దు. ఏడాదికి నాలుగు రోజుల సరదా కోసం నెలనెలా వాయిదా కట్టడం నాకు నచ్చదు. బోనస్‌లో పట్టినంతే కొనండి, మిగిలినదాన్ని ఇద్దరికీ డైవింగ్ బీమాకు పెట్టండి. మీ ప్రయాణ బీమా, ఆరోగ్య బీమా పత్రాల్లో మినహాయింపుల పేజీ ఒకసారి చదవండి. కొన్ని పాలసీలు స్కూబాను అసలు కలపవు, కొన్ని ఫలానా లోతు వరకే అంటాయి. ఆ నైట్రోజన్ బుడగల వల్ల వచ్చే డీకంప్రెషన్ జబ్బుకు చికిత్స ఒత్తిడి పెంచే ప్రత్యేక చాంబర్‌లో జరుగుతుంది. అది ప్రతి ఊళ్లో ఉండదు కాబట్టి అక్కడికి చేర్చే ఖర్చు కూడా పాలసీలో ఉందో లేదో చూడండి. కంప్యూటరా, బీమానా అని ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే నేను బీమా తీసుకుని కంప్యూటర్‌ను అద్దెకే ఉంచుతాను.

ఇంకొక్క ఖర్చు చాలామంది మర్చిపోతారు. ఒంట్లో నైట్రోజన్ ఇంకా మిగిలి ఉంటుంది కనుక, వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన. చివరి డైవ్ మధ్యాహ్నం పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే బయల్దేరే, డబ్బు వెనక్కిరాని టికెట్ కొన్నారంటే డైవ్ అయినా పోతుంది, టికెట్ అయినా పోతుంది. ముందు డైవ్‌ల వేళలు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే తిరుగు టికెట్ తీసుకోండి.